చంటిపిల్లల కంటికి తాజాదనం నేర్పేదెలా

మా వాడికి అప్పుడు ఎనిమిదో నెల. ఒక ఆదివారం పొద్దున వంటింట్లో చాప పరిచి వాణ్ణి కూర్చోబెట్టి, కూరగాయల సంచి అక్కడే కుమ్మరించాను. క్యారెట్లు, బీన్సు, టమాటాలు అన్నీ చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. వాడు వాటన్నిటినీ వదిలేసి పాక్కుంటూ పోయి ఒక నల్ల వంకాయను పట్టుకున్నాడు. దాని పక్కనే ఇంకో వంకాయ ఉంది. అదే రంగు, అదే సైజు, కాకపోతే నాలుగు రోజుల కిందటిది. దాని వైపు చూడను కూడా చూడలేదు. గట్టు దగ్గర కాఫీ కలుపుతున్న మా అత్తయ్య, "వాడికి తెలిసింది నీకు తెలియకపాయె. నాలుగు రోజుల్నించీ ఆ ముసలి వంకాయను దాచిపెట్టుకున్నావు" అన్నారు.

ఆ ఒక్క పట్టుతో వాడికి తాజాదనం తెలిసిపోయిందని నేననను. వాడి కంటికి ఆనింది మెరుపు. మెరిసేది ఈరోజుదని, మెరుపు పోయింది పాతదని ముడిపెట్టుకోవడం వేరే చదువు. ఆ చదువు ఇంట్లోవాళ్ళే చెప్పాలి. చాలా ఇళ్ళలో చెప్తున్నామని తెలియకుండానే చెప్పేస్తుంటారు, ఒక్కోసారి తప్పుగా కూడా. బెంగళూరులో, కేఆర్ పురంలోని మా ఇంట్లో దాదాపు రెండేళ్ళుగా మేం చేస్తున్న పద్ధతి ఇది. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు, ఏ నెలకు ఏం కనిపిస్తుందో తెలుసుకోండి

పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలు తాగుతున్నప్పుడు తల్లి ముఖం ఉండే దూరం అది. రంగులు నాలుగైదు నెలలకు బాగా తెలుస్తాయి. మెరుపు ఇంకా ఆలస్యం. జపాన్‌లో పసిపిల్లల చూపు మీద పనిచేసేవాళ్ళు 5 నుంచి 8 నెలల పిల్లలకు మెరిసే వస్తువుల బొమ్మలూ మెరవని వాటి బొమ్మలూ పక్కపక్కన చూపించారు. ఏడెనిమిది నెలల పిల్లలు మెరిసేవాటినే ఎక్కువసేపు చూశారు. ఐదారు నెలల వాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. 2013లో బంగారు రంగుతో చేసిన పరీక్షలోనూ అంతే, ఏడెనిమిది నెలల వాళ్ళు ఉత్త పసుపు రంగు కన్నా బంగారు మెరుపు వైపే మొగ్గారు. ఎత్తుకోగానే మెళ్ళో గొలుసు ఎందుకు లాగుతారో ఏ అమ్మమ్మనడిగినా ఇదే చెప్తుంది లెండి.

కాబట్టి ఆరో నెల లోపు కూరగాయలు చూపించి హైరానా పడొద్దు. ఏడు దాటాక మొదలుపెట్టండి.

కిటికీ పక్కన కూర్చోండి

పగటి వెలుతురు కావాలి. ట్యూబ్‌లైటు కింద ఆకుకూర పాలిపోయినట్టుంటుంది, పసుపు బల్బు కింద ప్రతి టమాటా పండినట్టే ఉంటుంది. రోడ్డు పక్క టమాటా బండ్ల మీద ఎర్ర టార్పాలిన్ ఊరికే కట్టరు. దాని కింద దోరకాయ కూడా ఎర్రగా నవ్వుతుంది, ఇంటికి తెచ్చాక రంగు తేలుతుంది. పెద్దవాళ్ళమే మోసపోతుంటే పిల్లల మాటేమిటి? రోజూ ఒకే చోట, ఒకే కిటికీ దగ్గర చూపిస్తే వాళ్ళ కంటికి ఒక లెక్క కుదురుతుంది.

జంటగా చూపించండి

అసలు పని ఇదే. ఒకే రకం కాయలు రెండు తీసుకోండి, ఒకటి ఈరోజుది, ఇంకొకటి మూడు నాలుగు రోజులది. వంకాయతో మొదలుపెడితే సులువు. కాయలో నీరు తగ్గేకొద్దీ తొక్క మీద కంటికి ఆనని ముడతలు పడతాయి. తాజా కాయ మీద వెలుతురు ఒకచోట చుక్కలా, గీతలా నిలుస్తుంది. పాత కాయ మీద అదే వెలుతురు చెదిరి మసకబారుతుంది. రంగు మారకుండానే కాయ మారిపోయిందన్నమాట.

ఈ వెలుతురు లెక్క మనుషులకే పరిమితం కాదు. 2016లో జపాన్ పరిశోధకులు చింపాంజీలకు క్యాబేజీ ఫోటోలు చూపిస్తే, అవి ఎక్కువ తాజాగా ఉన్నదాన్ని ఎంచుకోగలిగాయి. రంగుల ఫోటోల్లోనే కాదు, నలుపు తెలుపు ఫోటోల్లో కూడా. వాటికి ఆధారం క్యాబేజీ మీద వెలుగునీడలు పరుచుకున్న తీరేనని తేలింది. మనం పచ్చగా ఉందా లేదా అని మాత్రమే చూస్తాం. పిల్లలకు చూపించేటప్పుడు రంగును పక్కనపెట్టి ఈ వెలుగును పట్టించాలి.

చేసే విధానం చెప్తాను. రెండు కాయలూ బాగా కడిగి తుడవండి. తడి ఉంటే పాతది కూడా మెరుస్తుంది. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జానెడున్నర దూరంలో తాజా కాయను పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మెరుపు చుక్క కాయ మీద జారుతుంటే వాళ్ళ కళ్ళు దాని వెంట పోతాయి. "నిగనిగ" అనండి. తర్వాత రెండోదాన్ని అలాగే తిప్పి "వాడిపోయింది" అనండి. అంతే. రెండు నిమిషాలు చాలు. మీ వైపు చూసి నవ్వలేదనో, కాయ పట్టుకోలేదనో మళ్ళీ మళ్ళీ చేయొద్దు, ఇది పరీక్ష కాదు.

ఈ వయసులో చేతికిచ్చింది నోట్లోకే పోతుంది. పిడికిలి కన్నా పెద్ద కాయే ఇవ్వండి, పళ్ళొచ్చిన పిల్లలైతే కొరకబోగానే తీసేయండి. పచ్చి క్యారెట్ ముక్క విరిగి గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. ద్రాక్ష, వేరుశనగ ఈ ఆటలోకి అసలు తేవద్దు. పాతది అంటే వాడిపోయింది అనే అర్థం, బూజు పట్టినదీ కుళ్ళినదీ బిడ్డ చేతికి రాకూడదు.

ఏడాదిన్నర దాటాక ఆకుకూరతో ఒక ఆట ఉంది. మెంతికూర కట్టను రెండుగా చేసి, ఒక సగాన్ని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి నిలబెట్టండి, రెండో సగాన్ని ఉత్త పళ్ళెంలో పెట్టండి. పొద్దున ఇద్దరూ కలిసి చూడండి, మధ్యాహ్నం నిద్ర లేచాక మళ్ళీ చూడండి. ఫిబ్రవరి, మార్చిలో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సాయంత్రానికల్లా పళ్ళెంలోది తల వాల్చేస్తుంది. ఆకులోని చిన్న చిన్న గదులు నీటితో బిగిసి ఉంటేనే ఆకు నిలబడుతుంది, నీరు తగ్గితే సోలిపోతుంది. మా వాడు పళ్ళెంలో ఆకును చూసి "జోజో" అన్నాడు. పడుకుందట.

మాటలు తగ్గించుకోవద్దు

మనలో చాలామందికి పిల్లలతో మాట్లాడేటప్పుడు రెండే మాటలు, "మంచిది", "బాలేదు". ఇంకా మాట్లాడితే "ఫ్రెష్", "యాక్". బెంగళూరు అపార్ట్‌మెంట్ల తెలుగు మరీ ఇలా తయారైంది. నాకు దీని మీద కాస్త కోపమే, ఎందుకంటే తిండి పాడవడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు ఊరికే పుట్టలేదు. ఒక్కో మాట వెనక కంటికి కనిపించే గుర్తు ఒకటి ఉంటుంది.

ఆకు వాడుతుంది, పండుబారుతుంది. బెండకాయ, బీరకాయ ముదురుతాయి. వంకాయ పుచ్చుతుంది, సన్నటి చిల్లు కనిపిస్తే లోపల పురుగు కాపురం పెట్టినట్టే. పాలు విరుగుతాయి, పెరుగు పులుస్తుంది, అన్నం పాచిపోతుంది, రొట్టె బూజు పడుతుంది, పిండి మక్కుతుంది, పండు మగ్గుతుంది, ఆ తర్వాత కుళ్ళుతుంది. మామిడికైతే పిందె, కాయ, దోర, పండు అని మెట్లే ఉన్నాయి. బెంగళూరా మామిడి పండినా సగం పచ్చగానే ఉంటుంది కాబట్టి, రంగు ఒక్కటే చూసి మెట్టు చెప్పలేమని కూడా దానితోనే చూపించొచ్చు.

ఈ మాటల్లో అన్నీ చెడ్డవి కావు, అదే కీలకం. పులిసిన దోసెల పిండి మీద బుడగలు మంచివి, పప్పు మీద బుడగలు చెడ్డవి. మగ్గిన పండు తియ్యన, ముదిరిన బెండకాయ పీచు. రెంటినీ "బాలేదు" అన్న ఒకే సంచిలో వేసేస్తే పిల్లలకు తేడా ఎక్కడ దొరుకుతుంది? పచ్చదనం సంగతీ అంతే. ఆకు పచ్చగా ఉంటే మంచిది. అదే బంగాళాదుంపకు కాదు. మా అత్తయ్యది మదనపల్లె, ఆవిడ భాషలో బంగాళాదుంప అంటే ఉర్లగడ్డ. ఆ ఉర్లగడ్డ పచ్చబడితే పనికిరాదు, వెలుతురు తగిలి అందులో చేదు విషం తయారవుతుంది. "ఆకుకి పచ్చ, గడ్డకి కాదు" అని ఆవిడ వాడికి పాటలా చెప్తుంటారు.

కాబట్టి మాట్లాడేటప్పుడు సరైన మాటనే వాడండి. ఏడాది పిల్లలు తిరిగి అనలేకపోయినా వింటారు. నిగనిగ, నవనవ, కరకర, మెత్తమెత్త లాంటి జంట మాటలు ముందు నోటికొస్తాయి. వాటితో మొదలుపెట్టి, రెండేళ్ళకు వాడింది, ముదిరింది, మగ్గింది దాకా రావచ్చు.

మీ ముఖం అదుపులో పెట్టుకోండి

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా వాడికి పదకొండో నెలలో ఏలక్కి అరటిపళ్ళు తెచ్చాను. ఏలక్కి తొక్క పల్చన, రెండో రోజుకే నల్ల మచ్చలొస్తాయి, లోపల పండు మాత్రం అప్పుడే అసలు తీపికొస్తుంది. నాకా సంగతి తెలియక కాదు. ఆఫీసు కాల్‌లో ఉండి, హడావిడిలో ఒక నల్లబడ్డ పండు చేతికి మెత్తగా తగిలితే, "ఛీ, కుళ్ళిపోయింది" అని మూతి తిప్పి చెత్తబుట్టలో పడేశాను. వాడు నా ముఖాన్నే చూస్తున్నాడు. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు అరటిపండు మీద చిన్న మచ్చ కనిపించినా తల తిప్పేసుకున్నాడు. చివరికి అత్తయ్యే దారి చూపించారు. రోజూ వాడి ఎదురుగా కూర్చుని, మచ్చల పండు తొక్క మెల్లగా ఒలిచి, లోపల తెల్లగా ఉన్నదాన్ని చూపించి, తాను తిని, "ఆహా" అని ఊరుకునేవారు. వాడికి పెట్టలేదు. పదో రోజో పన్నెండో రోజో వాడే చెయ్యి చాపాడు.

పిల్లలకు అసహ్యం పుట్టుకతో రాదు. 1986లో అమెరికాలో పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు చేసిన ఒక పని విచిత్రంగా ఉంటుంది. వేరుశనగ వెన్న, వాసనొచ్చే చీజ్ కలిపి కుక్క పెంటలా తయారుచేసి చిన్నపిల్లల ముందు పెట్టారు. రెండున్నరేళ్ళ లోపు వాళ్ళలో సగానికి పైగా దాన్ని నోట్లో పెట్టుకున్నారు! చూడగానే ఛీ అనిపించడం తర్వాత నేర్చుకునేదే. ఏది తినేదో కూడా మనల్ని చూసే పట్టుకుంటారు. యేల్ విశ్వవిద్యాలయంలో 2014లో చేసిన పరీక్షలో, ఒక మనిషి మొక్క నుంచి ఒక పండు, మొక్క కాని వస్తువు నుంచి ఒక పండు తీసి నోట్లో పెట్టుకోవడం ఏడాదిన్నర పిల్లలు చూశారు. తినేది ఏదంటే మొక్క పండునే ఎంచుకున్నారు. అదే మనిషి పండును చెవి వెనక పెట్టుకున్నప్పుడు ఆ మొగ్గు కనిపించలేదు.

అందుకే పారేసేటప్పుడు కూడా మామూలు ముఖంతో పారేయండి. "దీనికి బూజొచ్చింది, ఇది మనం తినం" అని చెప్పి, ఆ బూజు చుక్కను సంచిలోంచే చూపించి, మూతి కట్టి పడేయండి. సంచి విప్పి వాసన చూడనివ్వొద్దు. బ్రెడ్డుకు ఒక మూల బూజొస్తే ఆ మూల తుంచి మిగతాది పెట్టేవాళ్ళున్నారు. మెత్తటి వాటిలో బూజు కంటికి కనిపించనంత లోపలికి పోతుంది, మొత్తం పారేయాల్సిందే.

సొప్పు బండి దగ్గరికి తీసుకెళ్ళండి

ఏడాది దాటితే ఇంటి ముందు బండి కన్నా మంచి బడి లేదు. మా వీధికి పొద్దున ఏడున్నరకు "సొప్పూ, సొప్పూ" అంటూ ఒక పెద్దావిడ వస్తుంది. సొప్పు అంటే కన్నడంలో ఆకుకూర. మాలూరు వైపు మనిషి, కోలారు తెలుగు. "ఈపొద్దు తెల్లారుజామున కోసిండేదమ్మా, బిడ్డ చేతికియ్యి, చూడనీ" అని కొత్తిమీర కట్ట వాడి చేతిలో పెడుతుంది. వాడు మొదట్లో పీకి పోగులు పెట్టేవాడు. ఆవిడ ఎప్పుడూ విసుక్కోలేదు, ఆ కట్ట నా లెక్కలో కలిపేసేది, అంతే.

బండి దగ్గర నేర్పాల్సిన మొదటి జాగ్రత్త, తడి మెరుపును నమ్మొద్దని. ఆకుకూరల మీద నీళ్ళు చల్లుతుంటారు. అది మోసమేం కాదు, చల్లకపోతే ఎండకు వాడిపోతాయి. కానీ నీటి చుక్కల మెరుపు వేరు, ఆకు నవనవ వేరు. కట్టను తలకిందులుగా పట్టుకుని ఒకసారి విదిలించండి. నీళ్ళు రాలాక ఆకులు నిటారుగా ఉన్నాయా, కాడలు వేలాడుతున్నాయా చూడండి. కట్ట మధ్యలో, తాడు కట్టిన చోట చూడటం మర్చిపోవద్దు, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. వానాకాలంలో ఒకసారి ఫోన్‌లో తెప్పించుకున్న పాలకూర పైకి అద్దంలా ఉంది, తాడు విప్పితే లోపల జిగురు. యాపిల్ మీద మైనం కూడా ఇలాంటి మెరుపే, గోటితో గీకితే తెల్లగా లేస్తుంది.

పెద్దవాళ్ళకు పనికొచ్చే ఇంకో చిట్కా. ఒలిచి అమ్మే పచ్చి బఠాణీ మరీ నిగనిగలాడుతుంటే గాజు గ్లాసులో నీళ్ళు పోసి అరగంట ఉంచండి. నీళ్ళు పచ్చబడితే అది రంగు. పిల్లలకు ఇదొక గారడీ.

వారాంతంలో మడివాళ మార్కెట్‌కో కేఆర్ మార్కెట్‌కో చంటిపిల్లలతో వెళ్ళొద్దు, ఆ తోపులాటలో చూసేది ఏమీ ఉండదు. దానికన్నా 1959 నుంచి నడుస్తున్న రైతుల సహకార సంఘం హాప్‌కామ్స్ దుకాణం నయం. ధరలు బోర్డు మీద ఉంటాయి, బేరం గోల లేదు, పిల్లల్ని బుట్టల ఎత్తుకు దించి నిదానంగా చూపించొచ్చు.

రెండేళ్ళకు ఎంచుకోనివ్వండి

"ఇది తాజాదా?" అని అడగొద్దు, ఏదడిగినా "ఊ" అంటారు. రెండు చూపించి "ఏది వండుదాం?" అనండి. వంకాయకు మెరుపుతో పాటు ముచ్చిక పచ్చగా ఉందా చూడమనండి. బెండకాయ కొస విరవడం మాత్రం మీరే చేసి చూపించండి, పిల్లలకు వదిలితే బండివాడి బుట్టంతా కొసలు లేని బెండకాయలే. టప్పుమంటే లేతది, వంగితే ముదురు. చేపకైతే కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి. మా ఇంట్లో చేపలు తక్కువ కాబట్టి అంతకుమించి చెప్పను.

గుడ్డు ఆట అందరికీ నచ్చుతుంది. లోతైన గిన్నెలో నీళ్ళు పోసి గుడ్డు వదలండి. కొత్తది అడుక్కు పోయి అడ్డంగా పడుకుంటుంది, పాతబడేకొద్దీ లోపలి గాలిగది పెరిగి నిలబడుతుంది, మరీ పాతదైతే తేలుతుంది. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, గుడ్డు పెంకు మీద సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి ఉండొచ్చు.

ఈ వయసులోనే ఇంకో చిక్కు వస్తుంది. రెండేళ్ళ నుంచి చాలామంది పిల్లలు కొత్త తిండి ఏది చూసినా వద్దంటారు, పచ్చగా ఉందని పాలకూర తోసేస్తారు. అది తాజాదనం తీర్పు కాదు, కొత్తంటే భయం. "చూశావా, బాగోలేదని కనిపెట్టాడు" అని మురిసిపోతే ఇక ఆకుకూర గిన్నె దగ్గరికి రారు.

కన్ను చాలని చోట గడియారం

ఇన్ని నేర్పాక ఒకటి విప్పి చెప్పాలి. కంటికి కనిపించేవన్నీ నాణ్యత గుర్తులు. జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు చాలాసార్లు రంగూ మార్చవు, వాసనా మార్చవు. వండిన అన్నం మల్లెపువ్వులా తెల్లగానే ఉంటుంది, నాలుగైదు గంటలు గట్టు మీద ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదిలి ఉండొచ్చు. వాంతులు చేయించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క సులువు, వండినది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు, ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి, మళ్ళీ వేడిచేస్తే 70 డిగ్రీలు దాటాలి, అంటే ఆవిరి పొగలు కక్కాలి. వేసవిలో కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిందంటే, లోపలిది ఎంత నిగనిగలాడుతున్నా పిల్లలకు పెట్టకండి.

మేం దీనికి చుక్కల పద్ధతి పెట్టుకున్నాం. స్టేషనరీ కొట్లో దొరికే రంగు చుక్కల స్టిక్కర్లు తెచ్చి, రోజుకో రంగు అనుకున్నాం. ఫ్రిజ్‌లోకి వెళ్ళే ప్రతి గిన్నెకూ ఆరోజు చుక్క పడాలి, నిన్నటి రంగు కనిపిస్తే అది ముందు అయిపోవాలి, మొన్నటి రంగు కనిపిస్తే పారేయాలి. అంటించే ఉద్యోగం మా వాడిది. నిన్న రాత్రి చూస్తే ఫ్రిజ్ తలుపుకు నాలుగు చుక్కలు, వాడి మోకాలికి రెండు, అత్తయ్య చెయ్యి మీద ఒకటి ఉన్నాయి. పప్పు గిన్నెకు మాత్రం ఒక్కటీ లేదు.